ఇక్కడ పొగ మాత్రమే

ఏటా నవంబరు మొదటి ఆదివారం మెర్ల్ హాడో గోడల మీది ఫొటోలన్నీ దించి, పాత దుప్పట్లలో చుట్టి, పట్నంలో ఉన్న చెల్లెలింటికి పంపేసేది. అవి మళ్ళీ ఇల్లు చేరేది ఏప్రిల్లో, నాలుగు వానలు పడ్డాక. ఈ మధ్యకాలమంతా ఫొటోలున్న చోట రంగు వెలిసిపోని చదరాలు మాత్రం గోడల మీద మిగిలేవి. కొత్తవాళ్ళెవరైనా వచ్చి, "ఇల్లు ఖాళీ చేస్తున్నారా?" అని అడిగితే, "లేదు, వేసవి కదా" అనేది.

భూగోళపు దక్షిణ సగంలో ఉన్న ఆ టాలరీ లోయలో వేసవి నవంబరులోనే మొదలవుతుంది, వేసవంటే అడవి మంటలే. ప్రతి శనివారం ఆమె భర్త క్లారీ రేకు కప్పు మీదికెక్కి చూరు కాలువల్లో పడిన ఆకులు దోసిళ్ళతో తీసి కింద పారేసేవాడు. కూతురు రోస్లిన్ నీలగిరి చెట్ల కింద రాలిన బెరడు పోగుచేసి దూరంగా మోసుకెళ్ళేది. స్నానం చేసిన నీళ్ళు ఎవరూ వదలరు. వాటిని బకెట్లతో ఎత్తి ఇంటి చుట్టూ గడ్డి మీద చల్లుతారు. తలుపు వెనక ముగ్గురికీ ఉన్ని కోట్లు, తోలు బూట్లు సిద్ధంగా ఉంటాయి. నూలు బట్టలే కట్టాలి, నైలాను కరిగి ఒంటికి అతుక్కుంటుంది.

ఆ వంటింటి గోడకు రెండు టెలిఫోన్లుండేవి. నల్లది మామూలుది. ఎర్రది మాత్రం ఆగకుండా ఒకే గంటగా మోగేది. అది మోగిందంటే లోయలో ఎక్కడో ఎవరికో పొగ కనిపించిందని అర్థం. దాని కింద బల్ల మీద, రొట్టెల పెట్టెకూ టీ డబ్బాకూ మధ్య, మంటలార్పే దళం వాళ్ళు మాట్లాడుకునే రేడియో ఉండేది. దళానికి నాయకుడు క్లారీ. కానీ మంట లేచినప్పుడు నాయకుడు నీళ్ళ ట్యాంకర్ మీదుంటాడు, కాబట్టి రేడియో మెర్ల్‌దే. పదకొండు వేసవులుగా గంట వినిపించే దూరం దాటి ఆమె బట్టలు కూడా ఆరేయలేదు. "అది నా అక్క. అమ్మకు నాకంటే అదంటేనే ప్రాణం," అని రోస్లిన్ ఆ ఎర్ర ఫోన్‌ను చూపించి చుట్టాలతో చెప్పేది.

దళంలో మగవాళ్ళు రేడియోలో ఆమెను 'వంటిల్లు' అని పిలిచేవారు. మొదట వేళాకోళానికే పిలిచారు, తర్వాత అదే ఖాయమైపోయింది. పొగలో దోవ తెలియక నిలబడిపోయినప్పుడు, "వంటిల్లూ, ఎటు పోవాలి?" అని అడిగేవారు. ఆమె మ్యాపు చూసి చెప్పేది. ఆమె గొంతు ఎప్పుడూ పెరిగేది కాదు, తగ్గేదీ కాదు.

ఆ ఏడు క్రిస్మస్ తర్వాత చినుకు పడలేదు. ఫిబ్రవరి రెండో వారంలో ఒక గురువారం తెల్లవారేసరికే ఉత్తరపు గాలి మొదలైంది. తొమ్మిదింటికి వరండాలో చెయ్యి పెడితే కాలింది. పదింటికి ఎర్ర ఫోన్ మోగింది. గుర్రపు వీపు గుట్టకు పడమటి వైపు పొగ లేచిందని కాపలా బురుజు మీది మనిషి చెప్పాడు.

కంచె కడుతున్న క్లారీ పరుగున వచ్చి కోటు తొడుక్కుంటూ కూతురితో, "రోజ్, కారు తీసుకుని పిన్నింటికి వెళ్ళిపో," అన్నాడు.

"అమ్మ వస్తే వెళ్తా."

"అమ్మ ఎలా వస్తుంది? రేడియో ఎవరు చూస్తారు?"

"అయితే నేనూ వెళ్ళను. ఇద్దరుంటే గోనెలు తడపడానికైనా ఆసరా."

క్లారీ భార్య వైపు చూశాడు. "మధ్యాహ్నం దాకా ఉండనీ. నేను పంపిస్తాలే," అంది మెర్ల్. ఆ పిల్లకు జూన్ వస్తే పద్దెనిమిది నిండుతాయి. పనిలో మగపిల్లాడితో సమానం. ఇద్దరుంటే బాగుంటుందనే మెర్ల్‌కు కూడా అనిపించింది. ఆ మాట తర్వాత ఆమెను చాలాకాలం పట్టి పీడించింది.

క్లారీ ఆమె భుజం మీద ఒకసారి చెయ్యి వేసి, "మూడింటికి గాలి తిరుగుతుందంటున్నారు," అన్నాడు.

"తెలుసు. నీళ్ళ సీసా మర్చిపోకు."

గాలి తిరగడమంటే ఏమిటో ఆ లోయలో చంటిపిల్లలకు కూడా తెలుసు. ఉత్తరపు గాలి ఉన్నంతసేపూ మంట గుట్టకు అవతలి వైపు సన్నగా, పొడుగ్గా దక్షిణానికి పరుగెడుతుంది. నైరుతి గాలి వచ్చిన నిమిషాన, మైళ్ళ పొడుగున్న ఆ పక్క మొత్తం ముందుకు తిరుగుతుంది. అప్పటిదాకా పక్కన ఉన్న ఇళ్ళన్నీ మంటకు ఎదురుగా వచ్చి నిలబడతాయి. వాటిలో హాడో వాళ్ళ ఇల్లు ఒకటి.

పదకొండూ, పన్నెండూ దాటాయి. మెర్ల్ మ్యాపు మీద ఎర్ర పెన్సిలుతో గీస్తూ, ఒకరి మాట ఇంకొకరికి అందిస్తూ కూర్చుంది. రోస్లిన్ చూరు కాలువల గొట్టాలలో గుడ్డలు కుక్కి నీళ్ళు నింపింది. కిటికీ పరదాలు పీకేసింది. ఆవుల్ని కుంట పక్కన గడ్డి లేని నేల మీదికి తోలింది. ఒంటిగంటకు మెర్ల్, "ఇక బయల్దేరు తల్లీ," అని అంటూ ఉండగానే రేడియోలో కబురొచ్చింది. పట్నం వెళ్ళే వంతెన దారిలో చెట్లు కూలి మండుతున్నాయి, ఎవరినీ రానివ్వొద్దని. మెర్ల్ ఆ మాటను నోటు పుస్తకంలో సమయంతో సహా రాసుకుంది. తలెత్తి కూతురి మొహం చూడలేకపోయింది.

"పోనీలే అమ్మా, పిన్ని వండే మాంసం కూర తప్పింది," అంది రోస్లిన్.

మూడూ ఇరవైకి గాలి ఆగిపోయింది. రెండు మూడు నిమిషాలు ఆకు కదల్లేదు. ఆ తర్వాత, పొద్దుటినుంచీ ఒకవైపు వంగి ఉన్న చెట్లన్నీ రెండోవైపు వంగాయి.

నల్ల ఫోన్ మోగింది. పైలోయలో ఉండే బ్రాన్విన్ టియర్నీ. ఆమె భర్త పొద్దున్నే వ్యాను తీసుకుని కోత మిల్లుకు పోయాడు, వంతెన అవతల చిక్కుకుపోయాడు. ఇంట్లో నాలుగేళ్ళ కొడుకు, నాలుగు నెలల పసిపాప, మంచం దిగలేని అత్తగారు.

"మెర్ల్, మీరేనా? మా వెనక కొండ మీదికి వచ్చేసిందండీ. దోవ కనపడటం లేదు. అత్తయ్యను నేను మొయ్యలేను. తనను వదిలేసి పిల్లల్ని తీసుకుని నడిచి పొమ్మంటోంది. ఎలా పోనండీ?"

"ఎక్కడికీ పోవద్దు. విను బ్రాన్విన్. మీ అత్తగారి గదికి రెండు తలుపులున్నాయి కదా, అందరూ ఆ గదిలోకి వెళ్ళండి. ఉన్ని దుప్పట్లు తడిపి పిల్లల మీద కప్పు. గుమ్మాల కింద తడి తువ్వాళ్ళు దోపు. ట్యాంకర్ వస్తోంది."

ఆ చివరి మాట ఆమె ఇంకా ట్యాంకర్‌ను అడగకుండానే చెప్పేసింది. ఫోన్ పెట్టి రేడియో అందుకుంది.

"వంటిల్లు నుంచి ట్యాంకర్‌కి. ఎక్కడున్నారు?"

"నాలుగు దార్ల దగ్గర." క్లారీ గొంతు గరగరలాడింది. గుట్టకు ఇటువైపు ఉన్నది ఆ ఒక్క ట్యాంకరే. నాలుగు దార్ల నుంచి ఎడమకు తిరిగితే హాడో వాళ్ళ ఇల్లు మూడు కిలోమీటర్లు. కుడికి తిరిగితే టియర్నీ వాళ్ళ ఇల్లు ఆరు.

"టియర్నీ వాళ్ళింటికి వెళ్ళండి. నలుగురున్నారు. ఒకామె కదలలేని మనిషి. బండి లేదు."

రేడియో కాసేపు ఉత్త గాలి శబ్దమే చేసింది. తర్వాత క్లారీ, పదకొండేళ్ళలో రేడియో మీద ఎప్పుడూ చేయని పని చేశాడు. ఆమెను పేరు పెట్టి పిలిచాడు.

"మెర్ల్, మన దగ్గర ఎలా ఉంది?"

మెర్ల్ కిటికీలోంచి చూసింది. గొర్రెల దొడ్డి పైన గుట్ట అంచు కనిపించడం లేదు. చెట్ల కంటే రెండింతల ఎత్తు మంట ఆ అంచును కప్పేసి కిందికి దిగుతోంది. చెయ్యంత పొడుగు బెరడు ముక్కలు కాలుతూ ఎగిరొచ్చి కోళ్ళ గూటి మీద పడుతున్నాయి. గడ్డివాము ఒక మూల అప్పుడే అంటుకుంది. గుమ్మంలో రోస్లిన్ తడి గోనె పట్టుకుని నిలబడి తల్లినే చూస్తోంది.

"ఇక్కడ పొగ మాత్రమే. మంట లేదు," అంది మెర్ల్.

"నిజంగానా?"

"నిజంగానే. నువ్వు వెళ్ళు క్లారీ."

ఇంజను రొద వినిపించింది. "వెళ్తున్నాం," అన్నాడతను.

"అమ్మా, నాన్నకు అబద్ధం చెప్పావు," అంది రోస్లిన్.

"చెప్పాను. ఆ రెండో గోనె ఇటియ్యి."

తర్వాత ఎంతసేపు గడిచిందో ఇద్దరిలో ఎవరికీ సరిగ్గా గుర్తులేదు. దుంగల లారీలు వంద ఒకేసారి ఎత్తు ఎక్కుతున్నట్టు మోత. పగలు పోయి ముందు కాషాయం, తర్వాత ఎరుపు, తర్వాత ఏ రంగూ లేని చీకటి అయింది. పడమటి కిటికీ అద్దాలు ఒకదాని తర్వాత ఒకటి పగిలాయి. పగిలిన ప్రతి కిటికీలోంచీ నిప్పులు గదిలోకి దూరాయి. తల్లీ కూతుళ్ళు గది నుంచి గదికి తిరుగుతూ తడి గోనెలతో వాటిని కొట్టారు. మంచం మీద పడినవి, చాప మీద పడినవి, అలమర మీద పడినవి. కరెంటు పోయింది. రేడియో బ్యాటరీ మీద నడుస్తూ, ఆ మోత మధ్యలో ఒక్కసారి పలికింది.

"ట్యాంకర్ నుంచి వంటింటికి. టియర్నీ ఇంటికి చేరాం. అందరూ ఉన్నారు. ఇల్లు నిలుస్తుంది."

మెర్ల్ పరుగున వచ్చి మీట నొక్కింది. "విన్నాను," అంది, మామూలుగా అనే గొంతుతోనే. ఆ తర్వాత బయట రేడియో స్తంభం కూలింది. ఇక అది పలకలేదు.

ఇంటి కప్పు లోపలి నుంచి అంటుకుంది. రేకుల సందుల్లోంచి అటక మీదికి నిప్పు దూరింది. వంటింటి పైకప్పు పలకలు గోధుమ రంగుకు తిరిగి, మధ్యలో నల్లబడ్డాయి. రోస్లిన్ వెనక తలుపు వైపు పరుగెత్తబోయింది. మెర్ల్ ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఇంకా కాదు. బయట మంట దాటిపోవాలి. నేను చెప్పినప్పుడు."

"పైన మండుతోందమ్మా!"

"చూస్తున్నాను. నేను చెప్పినప్పుడు."

కిటికీ బయట ఎరుపు పల్చబడి నలుపయ్యేదాకా ఆపింది. అప్పుడు ఇద్దరూ ఉన్ని దుప్పట్లు ముసుగేసుకుని, కాలిపోయిన గడ్డి మీదుగా కుంట దాకా పరుగెత్తారు. బూట్ల అడుగులు మెత్తబడి నేలకు అంటుకున్నాయి. బురదలో మోకాళ్ళ దాకా దిగి వెనక్కి తిరిగి చూశారు. ఇరవై రెండేళ్ళ ఇల్లు కాలి కూలడానికి ముప్పావు గంట పట్టింది. రోస్లిన్ కుంట నీళ్ళు తాగి కక్కేసింది. ఏడవలేదు. కాసేపయ్యాక, తల్లి వైపు చూడకుండా అడిగింది.

"ఆ మాట చెప్పేటప్పుడు నేనక్కడ ఉన్నానని గుర్తుందా నీకు?"

"గుర్తుంది."

"అయినా చెప్పావు."

"అయినా చెప్పాను."

దారి పొడుగునా చెట్లు పడి ఉండటంతో ట్యాంకర్ రంపంతో కోసుకుంటూ రావలసి వచ్చింది. ఇంకో రెండు కిలోమీటర్లుండగా క్లారీ దిగి నడక మొదలుపెట్టాడు. ఏడింటికి, వెలుతురు ఇంకా ఉండగానే వచ్చాడు. వంపు తిరిగేసరికి పొగగొట్టం ఒక్కటే నిలబడి కనిపించింది. పిలవలేదు, అరవలేదు. రేకుల కుప్ప చుట్టూ ఒకసారి నడిచాడు. రెండోసారి నడుస్తుండగా కుంట దగ్గర ఎవరో కదలడం చూశాడు. వచ్చి బురదలోనే కూలబడ్డాడు. ముందు కూతురి మొహం రెండు చేతుల్లోకి తీసుకుని కనుబొమ్మలు కాలిన చోట తడిమాడు. తర్వాత భార్య వైపు తిరిగాడు.

"పొగ మాత్రమే అన్నావు."

"అన్నాను," అంది మెర్ల్.

రెండోరోజు పట్నం నుంచి ఒక పత్రికాయన వచ్చాడు. ఇల్లు కాలి ఒకరు ఏడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడన్నట్టు, "అమ్మా, కొంచెం ఆ పొగగొట్టం పక్కన నిలబడి అటు చూస్తారా?" అన్నాడు. రోస్లిన్ అతణ్ణి గేటు దాకా సాగనంపిన తీరు లోయలో చాలారోజులు చెప్పుకున్నారు.

ఎవరో చక్రాల మీది ఇల్లు లాంటి క్యారవాన్ ఒకటి ఇస్తే దాన్ని కుంట పక్కన పెట్టుకుని అందులో ఉన్నారు. అంత ఇరుకులోనూ మొగుడూ పెళ్ళాలు ఒకరినొకరు తగలకుండా తిరిగారు. 'ఉప్పు ఇటియ్యి', 'ఆవులకు నీళ్ళు పెట్టావా' – అంతే మాటలు. మూడోవారం బ్రాన్విన్ టియర్నీ చంటిపిల్లను ఎత్తుకుని, కోడిమాంసం కూరి కాల్చిన రొట్టె ఒకటి పట్టుకొచ్చింది. తలుపు దగ్గరే ఏడ్చేసింది.

"క్లారీ గారూ, ఇంకో పావుగంట ఆలస్యమై ఉంటే మేం లేం. మీ సొంతిల్లు కాలుతుంటే వదిలేసి మా కోసం వచ్చారు. ఏ జన్మకు తీర్చుకోను?"

క్లారీ దెబ్బలు తింటున్నవాడిలా తల వంచుకుని నిలబడ్డాడు. ఏదో చెప్పబోయాడు. మెర్ల్ మధ్యలోకొచ్చి, "పాపకు పళ్ళొస్తున్నాయా? చొంగ కారుస్తోంది చూడు," అంటూ బిడ్డను అందుకుంది.

బ్రాన్విన్ వెళ్ళిపోయాక అతను మెట్టు మీద కూర్చున్నాడు.

"నాకు నిజం చెప్పాల్సింది."

"చెబితే ఏం చేసేవాడివి?"

"తెలీదు."

"తెలీదు కదా. చెబితే తెలిసిపోయేది. ఇటొస్తే ఆ పసిపిల్ల మొహం, అటెళితే రోజ్ మొహం. ఎటు వెళ్ళినా బతికినంతకాలం ఆ నాలుగు దార్ల దగ్గరే నిలబడిపోయేవాడివి. అందుకే చెప్పలేదు."

"అది నా బరువు. నన్నడక్కుండా నువ్వు ఎత్తుకున్నావు." "పదకొండేళ్ళు మెర్ల్. కళ్ళు కనపడని పొగలో నీ గొంతు నమ్మి నడిచాను. నేనే కాదు, నా వెనక ఉన్న అయిదుగురూ. ఇకమీదట నువ్వు 'దోవ బాగుంది' అంటే నేనేమనుకోవాలి?"

ఇల్లు పోయిననాడు కూడా ఆమెకు అంత ఖాళీగా అనిపించలేదు.

ఏప్రిల్లో దళం సమావేశం పెట్టారు. క్లారీ లేచి, దాచకుండా మొత్తం చెప్పాడు. రేడియో ఇకపై ఎవరి ఇంట్లోనూ ఉండకూడదని, ఊరి హాల్లో పెట్టి ఇద్దరిద్దరు కూర్చోవాలని, ఎవరికీ తన వాళ్ళనూ పరాయివాళ్ళనూ ఒకే త్రాసులో తూచే గతి పట్టకూడదని అన్నాడు. వెనక వరుసలో బ్రాన్విన్ భర్త టోపీ తీసి చేతుల్లో నలుపుతూ కూర్చున్నాడు.

అప్పుడు ట్యాంకర్ నడిపే కెల్విన్ లేచాడు. పదిమందిలో నోరు విప్పని మనిషి.

"బండి తోలింది నేను. కుడికి తిప్పగానే పక్క అద్దంలో మీ ఇంటి మీద ఎరుపు కనిపించింది. పొగ కాదు అది. నాకు తెలుసు. నేనూ చెప్పలేదు." ఇంకేదో అనబోయి క్లారీ వైపు చూసి కూర్చున్నాడు.

ఇంటికి వచ్చేటప్పుడు సగం దారిలో క్లారీ కారు ఆపాడు. స్టీరింగు మీంచి చేతులు తియ్యలేదు.

"ఆ రోజు ట్యాంకర్‌లో నా పక్కన కూడా ఒక అద్దం ఉంది మెర్ల్. అటు చూడలేదు. ఆరు కిలోమీటర్లూ మెడ బిగబట్టి ముందుకే చూశాను. చూస్తే ఏం కనిపిస్తుందో నాకు తెలుసు కాబట్టే చూడలేదు. నువ్వు అబద్ధం చెప్పావు. నాకూ ఆ అబద్ధమే కావాలనిపించింది."

మెర్ల్ అతని చేతి మీద చెయ్యి వేసింది. ఇద్దరూ అలాగే కూర్చున్నారు. పక్కనుంచి పోతున్న పాల వ్యాను వాడు, కారు చెడిపోయిందేమో అనుకుని ఆపి మరీ అడిగాడు. లేదు, బాగానే ఉన్నాం అని చెప్పి పంపేశారు.

రేడియో హాలుకు వెళ్ళింది. మెర్ల్ తన పేరు రాయించుకోనంది. మిగతావాళ్ళు ఒప్పుకోలేదు. చివరికి వారానికి రెండు రోజులు, పక్కన ఇంకొకరు ఉండేట్టు ఒప్పుకుంది. కొత్త ఇంటి పునాది ఆగస్టులో పడింది.

రోస్లిన్ మాత్రం తల్లితో మాట్లాడటం తగ్గించింది. కోపం కాదు. ఎదురుపడినప్పుడల్లా కొలుస్తున్నట్టు చూసేది. జూన్‌లో పుట్టినరోజు అయిన మర్నాడే వెళ్ళి ట్యాంకర్ దళంలో పేరిచ్చింది. ఆ లోయలో అంతకుముందు ఏ ఆడపిల్లా ఇవ్వలేదు. నవ్వబోయినవాళ్ళు ఆమె మొహం చూసి మానుకున్నారు. కాగితం మీద క్లారీ సంతకం చేశాడు.

ఆ సాయంత్రం కొత్త కోటు తొడిగి చూసుకుంటూ క్యారవాన్ గుమ్మంలో నిలబడింది. కోటు చేతులు పొడుగయ్యాయి. మెర్ల్ సూదీ దారం తీసుకుని అంచులు మడిచి కుడుతోంది.

"ఈ వేసవి నేను బండి మీదుంటా. నువ్వు రేడియో దగ్గరుంటావు," అంది రోస్లిన్.

"ఊఁ."

"నేనేదడిగినా నిజమే చెప్పాలి. నా మంచి కోసం అని కూడా వద్దు. ఇంకెవరి కోసమో అని కూడా వద్దు."

మెర్ల్ సూది ఆపింది. కూతురి మణికట్టు దగ్గర కాలిన మచ్చ ఇంకా గులాబీ రంగులోనే ఉంది.

"చెప్తాను," అంది. అనడానికి చాలాసేపు పట్టింది. రోస్లిన్ అంతసేపూ చెయ్యి చాపుకుని, ఆ మాట వచ్చేదాకా కదలకుండా నిలబడింది.